మేడమ్ పరిశోధనలో నా వాటా ఎంత?

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చరిత్ర, సాహిత్యం నా ముఖ్యమైన సబ్జెక్టులు. ఈ వేసవి సెలవుల్లో తన పరిశోధనలో కలిసి పనిచేస్తావా అని మా ప్రొఫెసర్ మేడమ్ అడిగారు. వందేళ్ల కిందట నడిచిన ఒక స్త్రీల పత్రికకు పాఠకులు రాసిన ఉత్తరాల మీద ఆవిడ పనిచేస్తున్నారు. కొన్ని ఉత్తరాలు పత్రికలో అచ్చయినవి, కొన్ని అచ్చుకాకుండా చేతిరాతలోనే మిగిలిపోయినవి. నాకు చాలా సంతోషంగా ఉంది, అంత టెన్షన్‌గానూ ఉంది. సైన్స్ చదివే నా స్నేహితులు వేసవిలో ల్యాబ్‌కి వెళ్తారు. అక్కడ ఏం చేస్తారో అడిగితే చెప్పగలరు. నన్ను ఇంట్లో అడిగితే చెప్పలేకపోతున్నాను. 'ఆవిడ పుస్తకానికి నువ్వు టైపింగ్ చేసిపెట్టడమేగా' అంటున్నాడు అన్నయ్య. లోలోపల నాకూ ఆ అనుమానమే ఉంది. ఎనిమిది వారాలు కష్టపడ్డాక నాకంటూ ఏం మిగులుతుంది? నా పేరు ఎక్కడైనా కనిపిస్తుందా? ఈ సంగతి ఆవిడను అడగొచ్చా? అడిగితే ఏమనుకుంటారో! అసలు నాకేం తెలుసని ఆవిడకు సాయం చేయగలను?

– ఒక పాఠకురాలు

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా భయాలన్నీ దానిలోంచే పుట్టాయి. ఆ పత్రిక గురించి, ఆ కాలం గురించి మీ మేడమ్‌కి మీకంటే ఎంతో ఎక్కువ తెలుసు, నిజమే. కానీ ఆ ఉత్తరాల కట్టల్లో ఏముందో ఆవిడకీ ఇంకా పూర్తిగా తెలియదు. తెలిసి ఉంటే పరిశోధనతో పని లేదు, కూర్చుని రాసేస్తే సరిపోయేది. పైగా ఏళ్ల తరబడి ఒక విషయం మీద పనిచేసినవారికి ఏది ముఖ్యం, ఏది కాదు అన్న అంచనా ముందే ఏర్పడిపోతుంది. ఆ అంచనా ఉండబట్టే వాళ్లు వేగంగా చదవగలుగుతారు. అది ఉండబట్టే కొన్ని విషయాలు వాళ్ల కంటికి ఆనకుండా పోతాయి కూడా. కొత్తగా చదివే అమ్మాయి ఒక ఉత్తరం దగ్గర ఆగి, 'ఈవిడ తన పేరు రాయకుండా ఫలానావారి కోడలు అని మాత్రమే ఎందుకు రాసింది?' అని అడుగుతుంది. అలాంటి ప్రశ్న కోసమే మంచి ప్రొఫెసర్లు విద్యార్థులను పిలుస్తారు. మిమ్మల్ని పిలిచింది కూడా అందుకేనని నా నమ్మకం. టైపింగ్ ఒక్కటే కావాలంటే టైపింగ్ తెలిసినవారిని పెట్టుకునేవారు.

డిగ్రీ చదివే పిల్లలు నిజంగా కొత్త విషయం కనిపెట్టగలరా అంటే, కనిపెట్టారు. 2007లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో స్వెన్ బెకర్ట్ అనే చరిత్ర ప్రొఫెసర్ నలుగురు డిగ్రీ విద్యార్థులతో ఒక సెమినార్, అంటే కొద్దిమంది కూర్చుని చర్చిస్తూ పరిశోధించే తరగతి, మొదలుపెట్టారు. తమ విశ్వవిద్యాలయానికీ బానిసత్వానికీ ఉన్న సంబంధం ఏమిటన్నది వాళ్లు పెట్టుకున్న ప్రశ్న. విద్యార్థులు పాత దస్తావేజులు, ఖాతా పుస్తకాలు, వీలునామాలు తిరగేశారు. విశ్వవిద్యాలయ అధ్యక్షుల ఇళ్లలో బానిసలు పనిచేశారనీ, బానిసల శ్రమ మీద వచ్చిన డబ్బు విరాళాలుగా అందిందనీ బయటపెట్టారు. తర్వాతి సంవత్సరాల్లో మరికొందరు విద్యార్థులు ఆ పని కొనసాగించారు. 2011లో వాళ్లు కనుగొన్న విషయాలు చిన్న పుస్తకంగా వచ్చాయి. 2022లో విశ్వవిద్యాలయమే అధికారికంగా పెద్ద నివేదిక ప్రచురించి, 10 కోట్ల డాలర్లు కేటాయిస్తున్నట్టు ప్రకటించింది. ఇంత కథకూ తొలి అడుగుల్లో ఒకటి తరగతి గదిలో పడింది. ఆ నలుగురూ అప్పటికి నిపుణులు కారు. వాళ్ల దగ్గర ఉన్నది సమయం, ఓపిక, తమదనుకున్న ఒక ప్రశ్న.

ఆ మూడోదాని గురించే మీతో ఎక్కువగా మాట్లాడాలనుకుంటున్నాను. మీ మేడమ్‌ని పనిలో వాటా అడిగితే ఆవిడ పని ఇస్తారు. అది ఎంత చేసినా ఆవిడ పనిగానే ఉంటుంది. మీరు అడగాల్సింది ప్రశ్నలో వాటా. ఆవిడ పెద్ద ప్రశ్న ఏమిటో ముందు అర్థం చేసుకుని, దాని లోపల ఎనిమిది వారాల్లో పూర్తి చేయగలిగే చిన్న ప్రశ్న ఒకటి మీకోసం తీసుకోండి.

ఉదాహరణ చెబుతాను. ఆ కాలపు స్త్రీలు చదువు గురించి ఏమనుకున్నారన్నది ఆవిడ ప్రశ్న అనుకుందాం. దానిలో మీరు 'పేరు దాచుకుని రాసినవాళ్లు ఏ విషయాల మీద రాశారు, పేరు పెట్టి రాసినవాళ్లు ఏ విషయాల మీద రాశారు?' అని అడగొచ్చు. లేదా అచ్చయిన ఉత్తరాలనూ చేతిరాతలో మిగిలిపోయినవాటినీ పక్కపక్కన పెట్టి, సంపాదకులు దేన్ని వేసుకున్నారు, దేన్ని పక్కన పెట్టారు, వేసుకున్నవాటిలో ఏ వాక్యాలు కోసేశారు అని చూడొచ్చు. ఈ రెండోది నాకు మరీ నచ్చిన ప్రశ్న. అచ్చు ప్రతీ చేతిరాత ప్రతీ రెండూ మిగిలిన ఉత్తరం ఒక్కటి దొరికినా చాలు, మీ వేసవి పండినట్టే. ఒకే ఉత్తరం రెండు రూపాల్లో ఉందంటే, అప్పటి సంపాదకుడి కలం ఎక్కడెక్కడ ఆడిందో కళ్లారా చూడొచ్చు.

'ఆ కాలంలో స్త్రీల స్థితిగతులు' లాంటి ప్రశ్న మాత్రం తీసుకోకండి. అది వేసవిలో తేలదు, జీవితకాలంలోనూ తేలదు. మీ ప్రశ్న ఎంత చిన్నదో చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. జవాబు దొరకాలంటే ఏ కాగితాలు చదవాలో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఇంకా చిన్నది చేయండి.

మీకు అవకాశం ఇచ్చిన మనిషి ఇంకా ఏమీ నిర్ణయించకపోయి ఉండొచ్చు. చాలామంది ప్రొఫెసర్లకు విద్యార్థి కావాలని తెలుస్తుంది గానీ, ఏం చేయించాలో వేసవి మొదలయ్యేదాకా ఆలోచించరు. కాబట్టి మీరే ముందు వెళ్లండి. ఆవిడ ఇదివరకు రాసిన వ్యాసాలు రెండు చదివి వెళ్లండి. చదివాక మీకు కలిగిన సందేహాలు కాగితం మీద రాసుకుని, వాటిలోంచి మీకు ఆసక్తి ఉన్న ప్రశ్నలు రెండో మూడో చూపించండి. 'వీటిలో మీ పనికి ఏది పనికొస్తుంది మేడమ్?' అని అడగండి. ఈ ఒక్క సంభాషణతో మీ స్థానం మారిపోతుంది. పని అడగడానికి వచ్చిన అమ్మాయి కాకుండా, ఆలోచించి వచ్చిన అమ్మాయిగా ఆవిడకు కనిపిస్తారు.

ఇంట్లో చెప్పలేకపోతున్నానన్నారు. ఇలా చెప్పి చూడండి: 'వందేళ్ల కిందటి ఆడవాళ్ల ఉత్తరాలు ఇంతవరకు ఎవరూ వరుసగా చదవలేదు. వాటిని చదివి, ఎవరు ఏం రాశారో నమోదు చేసి, పత్రికవాళ్లు ఏది దాచారో తేల్చబోతున్నాం. అందులో ఈ భాగం నాది.' మీ భాగం ఏదో తేలితే ఈ మాట ధైర్యంగా అనగలుగుతారు. తేలకముందు ఎవరు అడిగినా తడబడతాం, అందులో తప్పేమీ లేదు.

సైన్స్ స్నేహితులతో పోల్చుకుని చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు. విద్యార్థులను కూర్చోబెట్టుకుని పరిశోధన చేయించడంలో చరిత్ర, సాహిత్యం లాంటి మానవీయ శాస్త్రాలు వెనకబడి లేవు. 1830ల్లో బెర్లిన్‌లో లియోపోల్డ్ ఫాన్ రాంకే అనే చరిత్ర ఆచార్యుడు విద్యార్థులను తన ఇంటికే పిలిచి, మధ్యయుగాల మూలపత్రాలు ముందు పెట్టి, ఏది నమ్మదగింది, ఏది కాదు అని వాళ్లతోనే వాదింపజేసేవాడు. ఆ గదిలో కూర్చున్న గియోర్గ్ వైట్జ్ లాంటి విద్యార్థులు తర్వాత పేరున్న చరిత్రకారులయ్యారు. ఈనాటి సెమినార్ పద్ధతి చాలావరకు అలాంటి గదుల్లోనే రూపుదిద్దుకుంది. డిగ్రీ విద్యార్థులకు ఆచార్యులతో కలిసి పనిచేసే అవకాశం ఒక పథకంగా రావడం ఆ తర్వాతి సంగతి. అమెరికాలోని ఎంఐటీలో 1969లో మార్గరెట్ మాక్‌వికార్ నెలకొల్పిన కార్యక్రమం అలాంటివాటిలో బాగా పేరు తెచ్చుకుంది. అది ఇంజినీరింగ్‌కి పేరుపడ్డ సంస్థే అయినా, మానవీయ శాస్త్రాల విద్యార్థులకూ అందులో చోటుంది.

ఒక తేడా మాత్రం ఉంది, దాన్ని ముందే తెలుసుకోవడం మంచిది. ల్యాబ్‌లో పదిమంది ఒకే గదిలో ఉంటారు. ఎవరో ఒకరు పక్కనుండి చేసి చూపిస్తారు. మన పనిలో ఎక్కువ గంటలు ఒంటరిగా గడుస్తాయి. ఉదయం నుంచి సాయంత్రం దాకా కాగితాలు, కంప్యూటర్ తెర, మీరు. మీ మేడమ్ కూడా ఇంకెక్కడో ఒంటరిగా చదువుకుంటూ ఉంటారు. అందుకే మన దగ్గర కలిసి పనిచేయడం అంటే అసలు అర్థం కలిసి మాట్లాడుకోవడం. ఒకే ఉత్తరాన్ని ఇద్దరూ చదివి, మీకు ఒకలా, ఆవిడకు ఇంకోలా ఎందుకు అర్థమైందో తేల్చుకోవడం. వారానికి ఒకసారైనా గంటసేపు ఇలా కూర్చోవాలి. రోజూ జరిగే పని గురించి మెసేజ్‌లు పెట్టుకోవచ్చు, కానీ ఈ గంట వేరు. దీన్ని ముందే రోజు, సమయంతో సహా ఖాయం చేసుకోండి. 'తీరిక ఉన్నప్పుడు కలుద్దాం' అన్న చోట వేసవి వేసవంతా ఎవరికీ తీరిక దొరకదు.

ఆ సమావేశానికి వెళ్లేటప్పుడు ఏదో ఒకటి రాసి తీసుకెళ్లండి. ఒక పేజీ చాలు. ఈ వారం చదివింది ఏమిటి, ఆశ్చర్యం కలిగించింది ఏమిటి, అర్థం కానిది ఏమిటి. ఎనిమిది వారాల తర్వాత ఆ ఎనిమిది పేజీలు పక్కపక్కన పెట్టుకుంటే మీ వ్యాసానికి సగం సరుకు అక్కడే ఉంటుంది.

ఇక టైపింగ్ సంగతి. నిజమే, ఎత్తిరాసే పని చాలా ఉంటుంది. పాత చేతిరాతకు కళ్లు అలవాటు పడటానికి సమయం పడుతుంది. మొదట్లో ఒక్క పేజీకి పూట గడిచిపోయినా కంగారు పడకండి. కొన్నాళ్లకు ఆ మనిషి అక్షరం మీకు తెలిసిపోతుంది. ఏ అక్షరం తొందరలో రాసిందో, ఎక్కడ కలం ఆపి మళ్లీ సిరాలో ముంచిందో కనిపిస్తుంది. ఈ పనిని ఎవరో ఒకరు చేసిపెడితే తర్వాత ఆలోచన మొదలవుతుందనుకోవడం పొరపాటు. మన రంగంలో ఆలోచన మొదలయ్యేది ఇక్కడే.

ఆలిస్ కోబర్ అనే ఆచార్యురాలు 'లీనియర్ బి' అనే పురాతన లిపి మీద పనిచేస్తూ, ఏ గుర్తు ఎక్కడెక్కడ వచ్చిందో దాదాపు 1,80,000 చిన్న కాగితపు ముక్కల మీద రాసుకుంది. యుద్ధకాలంలో కాగితం దొరక్క గ్రీటింగ్ కార్డుల వెనక, కరపత్రాల వెనక రాసింది. సిగరెట్ డబ్బాల్లో వాటిని భద్రపరిచింది. ఆవిడ 1950లో చనిపోయింది. 1952లో మైకేల్ వెంట్రిస్ ఆ లిపిని ఛేదించడానికి ఆవిడ చూపించిన క్రమాలు గట్టి పునాది అయ్యాయి. గుర్తులు లెక్కపెట్టడం గుమాస్తా పని అని ఆవిడ అనుకుని ఉంటే ఆ పునాది ఉండేది కాదు.

అయితే ఎత్తిరాయడానికి ఒక హద్దు పెట్టుకోవాలి. వారంలో కొన్ని గంటలు మీ ప్రశ్న కోసం విడిగా ఉంచమని మేడమ్‌ని అడగండి. నా లెక్కలో కనీసం మూడో వంతు సమయం మీ ప్రశ్నకు దక్కాలి. నాలుగో వారం వచ్చేసరికి ఎత్తిరాయడం తప్ప ఇంకేమీ జరగలేదని అనిపిస్తే ఆగి మాట్లాడాలి. ఎనిమిదో వారం దాకా ఊరుకుంటే ఇక మాట్లాడి లాభం లేదు.

విద్యార్థి, ఆచార్యుడు కలిసి పనిచేసిన సందర్భాల్లో నేను మా విద్యార్థులకు తరచూ చెప్పేది మిల్మన్ ప్యారీ, ఆల్బర్ట్ లార్డ్‌ల సంగతి. ప్యారీ హార్వర్డ్‌లో గ్రీకు సాహిత్యం బోధించేవాడు. హోమర్ పేరుతో ఉన్న మహాకావ్యాలు రాత రాకముందు నోటితో పాడుతూ అల్లినవని ఆయన వాదన. దాన్ని తేల్చుకోవాలంటే ఇప్పటికీ అలా పాడేవాళ్లను వినాలని 1933 వేసవిలో యుగొస్లావియా వెళ్లాడు. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లినప్పుడు, అప్పుడే డిగ్రీ పూర్తి చేసిన లార్డ్‌ను సహాయకుడిగా తీసుకెళ్లాడు. స్వయంగా గాయకుడైన నికోలా వుయ్‌నోవిచ్ అనే స్థానికుడు వాళ్లకు తోడున్నాడు. మిగతా గాయకులతో ముచ్చటించి వాళ్లచేత మాట్లాడించింది ఎక్కువగా అతనే. 3,500కు పైగా అల్యూమినియం డిస్కుల మీద పాటలు, సంభాషణలు రికార్డు చేశారు. అవ్‌దో మెజెదోవిచ్ అనే గాయకుడు 12,000 పంక్తులకు పైగా ఉన్న కథాగానాన్ని రోజుల తరబడి చెప్పాడు. అతనికి చదవడం, రాయడం రాదు.

1935 డిసెంబరులో ప్యారీ హఠాత్తుగా చనిపోయాడు. ఆయన వయసు 33 ఏళ్లే. ఆ డిస్కులు, నోట్సులు, సగంలో ఆగిన వాదన అన్నీ లార్డ్ ముందు మిగిలాయి. అతను మళ్లీ మళ్లీ ఆ ప్రాంతాలకు వెళ్లాడు, ఆ గాయకులనే మళ్లీ విన్నాడు, చివరికి 1960లో పుస్తకం తెచ్చాడు. మౌఖిక సాహిత్యం గురించి ప్రపంచం ఆలోచించే తీరునే ఆ పుస్తకం మార్చేసింది. సహాయకుడిగా వెళ్లిన కుర్రాడు ఇంత చేయగలిగాడంటే, అతను ఆచార్యుడి సామాన్లు మోయడానికి మాత్రమే వెళ్లలేదన్నమాట. ఆ ప్రశ్న అతనిది కూడా అయింది. ఇంకో సంగతి కూడా గమనించండి. రికార్డులు సక్రమంగా ఉండబట్టే, చేసిన మనిషి పోయినా పని పోలేదు.

అందుకే నోట్సు గురించి కాస్త గట్టిగా చెబుతున్నాను. ప్రతి ఉత్తరానికీ ఒక సంఖ్య, తేదీ, అది ఏ కట్టలో ఉంది, ఏ పేజీ, ఫొటో తీస్తే ఆ ఫైలు పేరు. ఉత్తరంలోని మాటలు కొటేషన్ గుర్తుల్లో పెట్టండి, మీ మాటలు వేరే రంగులో రాయండి. మూడు నెలల తర్వాత మీ సొంత నోట్సు చూసుకుని 'ఈ వాక్యం నాదా, ఉత్తరంలోదా?' అని తేల్చుకోలేకపోతే, తెలియకుండానే వేరేవారి మాట మీ పేరు మీద అచ్చయ్యే ప్రమాదం ఉంది. చదవలేని పదం దగ్గర ఊహించి నింపకండి, చదవలేకపోయానని గుర్తు పెట్టండి. పుస్తకాల వివరాలకు జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడితే చివర్లో తిప్పలు తప్పుతాయి.

చేతిరాతను చదివిపెట్టే ట్రాన్స్‌క్రిబస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు ఇప్పుడు ఉన్నాయి. మీ లిపికి పనికొస్తే వాడండి, కానీ ప్రతి పంక్తినీ అసలు కాగితంతో సరిచూడండి. ఏఐ చాట్‌బాట్‌ను ఆధారాలు అడగొద్దు. ఒక్కోసారి లేని పుస్తకాలకు పేరు, సంవత్సరం, పేజీ సంఖ్య అన్నీ పెట్టి ఇస్తుంది. దేనికి వాడొచ్చు, దేనికి వాడకూడదు అన్నది మేడమ్‌తో మొదటి వారంలోనే తేల్చుకోండి.

ఆ ఉత్తరాలు రాసినవాళ్లు అవి ఇలా ఎవరో చదువుతారని అనుకోలేదు. ముఖ్యంగా అచ్చుకానివి. వాటిలో కాపురంలో కష్టాలు, అప్పులు, జబ్బులు ఉంటాయి. వాళ్ల మనవలు, ముని మనవలు బతికే ఉండొచ్చు. ఫొటోలు తీయడానికి అనుమతి ఉందా, పేర్లు బయటపెట్టొచ్చా అని అడిగి తెలుసుకునేదాకా ఒక్క ముక్క కూడా సోషల్ మీడియాలో పెట్టకండి. ఎంత ఆసక్తికరంగా ఉన్నా సరే. ఆ కుటుంబాల వాళ్లను కలిసి మాట్లాడాలని మీకు అనిపిస్తే, ముందు మేడమ్‌తో, కాలేజీలో అనుమతులు చూసేవారితో మాట్లాడాలి. మాట్లాడేవారి సమ్మతి రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇప్పుడు పేరు సంగతి. అడగొచ్చా అన్నారు. అడగాలి, అదీ పని మొదలుకాకముందే. మన రంగంలో వ్యాసానికి, పుస్తకానికి ఒక్కరే రచయితగా ఉండటం ఎక్కువ. సైన్స్ పత్రికల్లో పది పేర్లు కనిపిస్తాయి, ఇక్కడ సాయం చేసినవారి పేరు ముందుమాటలో కృతజ్ఞతల దగ్గర ఒకసారి వచ్చి వెళ్లిపోతుంది. కొన్నిసార్లు అదీ ఉండదు. రొబెర్తో బూజా అనే ఇటలీ మతగురువు 1949లో ఐబీఎం అనే యంత్రాల కంపెనీ సాయం సంపాదించి, థామస్ అక్వినాస్ అనే మధ్యయుగాల క్రైస్తవ తత్వవేత్త రచనల్లోని ప్రతి పదానికీ సూచిక తయారుచేయించే పని తలపెట్టాడు. దాదాపు మూడు దశాబ్దాలు సాగిన ఆ పని చివరికి 56 సంపుటాలుగా వచ్చింది. కంప్యూటర్‌తో సాహిత్య పరిశోధనకు ఆయన్ను ఆద్యుడిగా చెప్పుకుంటారు. యంత్రం చదవడానికి వీలుగా కార్డుల మీద రంధ్రాలు చేస్తూ లక్షలాది పదాలను పంచ్ చేసింది ఎక్కువగా యువతులు. వాళ్లెవరో చాలాకాలం ఎవరికీ పట్టలేదు. దశాబ్దాలు గడిచాక కొందరు పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్లి, బతికున్నవారితో మాట్లాడి పేర్లు నమోదు చేశారు. ఆనాటి ఫొటోల్లో యంత్రాల ముందు కూర్చున్న అమ్మాయిలను చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. ఎవరు ఏ పని చేశారో విడివిడిగా చెప్పడానికి 2014 నుంచి 14 రకాల పాత్రలతో ఒక పద్ధతి వాడకంలోకి వచ్చింది. అది ఎక్కువగా సైన్స్ పత్రికల్లో కనిపిస్తుంది. మీ మేడమ్ అనుసరించే పత్రికల్లో లేకపోయినా దాని వెనకున్న ఆలోచన మీకు పనికొస్తుంది.

నా అభిప్రాయం ఇది. మీరు ఉత్తరాలు ఎత్తిరాసి జాబితా తయారుచేస్తే, కృతజ్ఞతల్లో మీ పేరుతోపాటు మీరు చేసిన పని కూడా రాయాలి. 'సాయపడిన విద్యార్థులకు ధన్యవాదాలు' అంటే సరిపోదు. మీరు కనిపెట్టిన విషయాన్ని ఆవిడ వాదనలో వాడితే, ఆ చోటే పాదసూచికలో మీ పేరు రావాలి. వ్యాసంలో ఒక భాగం మీరే రాస్తే, లేదా వాదనే మీ ఇద్దరి మాటల్లోంచి పుడితే, సహ రచయితగా మీ పేరు ఉండాలి. అన్ని విభాగాల్లో ఇలాగే జరుగుతుందని కాదు. కానీ ఇలా అడిగితే అత్యాశ అని ఏ న్యాయమైన ఆచార్యుడూ అనుకోడు.

ఎలా అడగాలన్నది మీ బెంగ. ఇలా అడగండి: 'మేడమ్, ఈ పని మీద మీరు రాసినప్పుడు నా పనిని ఎలా ప్రస్తావిస్తారో ముందే తెలుసుకోవాలనుంది. నా చిన్న ప్రశ్న మీద నేను విడిగా ఒక వ్యాసం రాసుకోవచ్చా? ఈ నోట్సు తర్వాత నా ప్రాజెక్టుకి వాడుకోవచ్చా?' ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. ఆవిడ చెప్పిన జవాబును అదే రోజు మర్యాదగా ఈమెయిల్‌లో రాసి పంపండి. 'మీరు చెప్పినట్టు, నేను వారానికి ఇన్ని గంటలు పనిచేస్తాను, ఫలానా రోజు కలుద్దాం, నా ప్రశ్న ఇది, పేరు విషయంలో ఇలా అనుకున్నాం' అని. పెద్దవాళ్ల మాట మీద నమ్మకం లేక చేసే పని కాదిది. పుస్తకం రావడానికి నాలుగైదేళ్లు పట్టొచ్చు, అప్పటికి ఇద్దరికీ ఏం అనుకున్నామో గుర్తుండదు.

డబ్బు గురించి కూడా అదే సమావేశంలో అడగండి. కొన్ని కాలేజీలు వేసవి పరిశోధనకు భృతి ఇస్తాయి. అది మీ మేడమ్ ద్వారా రాకపోయినా కాలేజీ నుంచి రావచ్చు, కానీ దరఖాస్తుల గడువు సెలవులకు చాలా ముందే ముగుస్తుంది. భృతి లేదని తేలి, మీకు వేసవిలో సంపాదన తప్పనిసరైతే, ఆ మాట చెప్పి తక్కువ గంటలకు ఒప్పుకోండి. వారానికి పది గంటల పని కూడా మంచి పనే. ఉచితంగా రోజంతా పనిచేస్తానని ఒప్పుకుని, నెల తిరగకుండా చేయలేక ముఖం చాటేయడం కంటే ఇది ఎంతో గౌరవం.

మీరు అడగని ఒక విషయం, కానీ వచ్చి తీరుతుంది. ఏదో ఒక రోజు మేడమ్ తన వ్యాసంలో రాసినదానికి విరుద్ధంగా ఉన్న ఉత్తరం మీ చేతికి వస్తుంది. స్త్రీలు చదువు కావాలనే రాశారని ఆవిడ అని ఉంటే, చదువు వద్దని ఒక స్త్రీ గట్టిగా రాసిన ఉత్తరాలు ఓ నాలుగు మీకు కనిపించొచ్చు. అప్పుడు చాలామంది విద్యార్థులు తామే తప్పు చదివామనుకుని దాన్ని పక్కన పెట్టేస్తారు. అలా చేయకండి. మరోసారి చదవండి, ఇలాంటివి ఇంకా ఉన్నాయేమో వెతకండి, తర్వాత కాగితాలు పట్టుకెళ్లి 'ఇవి ఎలా అర్థం చేసుకోవాలి మేడమ్?' అని ముందు పెట్టండి. మీరు తప్పని చెప్పడం లేదు, ఆధారం చూపిస్తున్నారు. మంచి పరిశోధకురాలికి అంతకంటే పెద్ద సాయం లేదు. ఆవిడ మొహం మాడ్చుకుంటే ఆ రోజుకి వదిలేయండి, కానీ ఆ ఉత్తరాలు మీ జాబితాలోంచి మాత్రం తీసేయొద్దు.

ఇంత చెప్పాక, ఒప్పుకోకూడని సందర్భం కూడా చెప్పాలి. ఏం చేయాలో అడిగితే జవాబు లేకపోయినా, వారానికి ఒక గంట కూడా ఇవ్వలేనన్నా, పేరు గురించి అడిగినందుకే కోప్పడినా, మర్యాదగా తప్పుకోండి. 'ఈ వేసవికి కుదరడం లేదు' అంటే చాలు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆవిడ అలాంటి మనిషి అనిపించలేదు. తనకు తానుగా పిలిచి అడిగారు కదా.

వేసవి చివర్లో ఒక్క వారం పూర్తిగా అప్పగింతలకు ఉంచుకోండి. ఫైళ్లకు అర్థమయ్యే పేర్లు పెట్టి, ఏది ఎక్కడుందో చెప్పే ఒక పేజీ రాసి, ఒక ప్రతి మేడమ్‌కి ఇచ్చి, ఇంకోటి మీ దగ్గర ఉంచుకోండి. మీ ప్రశ్న మీద పది పన్నెండు పేజీల వ్యాసం రాయండి. జవాబు సగమే దొరికినా సగం వరకే రాయండి. కాలేజీ తెరిచాక విభాగంలో పదిహేను నిమిషాలు దాని గురించి మాట్లాడే అవకాశం ఇప్పించమని అడగండి. సిఫారసు లేఖ అవసరం పడుతుందనుకుంటే అప్పుడే చెప్పి ఉంచండి. మీరు ఏం చేశారో, ఏ ఉత్తరం దగ్గర ఏం పట్టుకున్నారో ఆవిడకు తాజాగా గుర్తున్నప్పుడు రాసిన లేఖకూ, రెండేళ్ల తర్వాత రాసిన లేఖకూ చాలా తేడా ఉంటుంది.